ఆ క్యాసెట్‌ను అప్పుడే వీసీఆర్‌లో పెట్టకు

హన్మకొండ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో చెప్పాల్సింది సగమే చెప్పాను, అందుకే కూర్చుని రాస్తున్నా. మీ బాపు షష్టిపూర్తికి పాత స్టార్ ట్రెక్, అదే ఆ అంతరిక్ష నౌక సీరియల్, డిస్కుల సెట్ కొంటానన్నావు. సజ్జ మీద దొరికిన క్యాసెట్‌లోని మన దూరదర్శన్ అంతరిక్ష సీరియల్ కెప్టెన్ వ్యోమ్‌ను కూడా డిస్కులోకి ఎక్కించి ఇస్తానన్నావు. వింటుంటేనే కడుపు నిండింది. కానీ ఆ క్యాసెట్‌ను మాత్రం ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా ఏ వీసీఆర్‌లోనూ పెట్టకు.

ముందు కొనేదాని సంగతి. స్టార్ ట్రెక్ అమెరికాలో 1966 నుంచి 1969 దాకా వచ్చింది, 79 ఎపిసోడ్లు. మాకు దూరదర్శన్‌లో చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. మీ బాపు దాబా ఎక్కి యాంటెనా తిప్పేవాడు, బొమ్మ కుదిరాక నేను కింది నుంచి "ఆగు, ఆగు" అని కేకేసేవాణ్ణి. ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. నౌకలో ఒకరిది పసుపు చొక్కా, ఒకరిది నీలం, ఒకరిది ఎరుపు అని మీ బాపుకు అప్పుడు తెలియనే తెలియదు. ఇప్పుడు చూస్తాడు.

ఆ సీరియల్‌ను 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు, మన సినిమాల్లాగే. ఫిల్మ్‌లో ఉన్న వివరం అప్పటి టీవీలు చూపించగలిగిన దానికంటే చాలా ఎక్కువ. అందుకే 2009లో బ్లూరే, అంటే డీవీడీ కంటే స్పష్టంగా చూపించే డిస్కు, వచ్చినప్పుడు బొమ్మ అంత శుభ్రంగా ఉంది. దాని తర్వాతి సీరియల్, 1987లో మొదలైన నెక్స్ట్ జనరేషన్‌కు మాత్రం అంత సులువు కాలేదు. షూటింగ్ ఫిల్మ్ మీదే చేసినా, ఎడిటింగ్, గ్రాఫిక్స్ వీడియో టేపు మీద చేశారు. టేపులో ఉన్న వివరం తక్కువ. కాబట్టి 2012లో బ్లూరేలు మొదలుపెట్టేనాటికి పాత నెగెటివ్‌లు బయటికి తీసి, స్కాన్ చేసి, షాటు పక్కన షాటు పేర్చి మళ్లీ ఎడిట్ చేయాల్సి వచ్చింది. ఆ పని తెలిశాక నాకు ఆ డిస్కుల ధర ఎక్కువ అనిపించలేదు.

నువ్వు కొనే మొదటి సీరియల్ బ్లూరేలో నౌక దృశ్యాలు రెండు రకాలుగా ఉంటాయి: కంప్యూటర్‌తో కొత్తగా చేసినవి, 1966 నాటివి. మెనూలో ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. మీ బాపుకు పాతవే పెట్టు. బొమ్మ నౌక అని తెలిసిపోతుంది, తెలియనీ. వాడు చూసింది అదే. కొత్త వాటిని చెడ్డవి అనను, కానీ అవి వేరే వాళ్ల పని.

డబ్బు కట్టే ముందు పెట్టె వెనక రీజియన్ చూడు, ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు అది. బ్లూరేలో మన దేశానిది సి, అమెరికాది ఎ, బ్రిటన్‌ది బి. డీవీడీ అయితే మనది 5, అమెరికాది 1. మీ ప్లేయర్ ఆ డిస్కును ఆడిస్తుందో లేదో కనుక్కున్నాకే కొను. ఇంకోటి, టీవీ సెట్టింగ్‌లో బొమ్మను సాగదీయకు. పాత సీరియల్ నాలుగుకు మూడు కొలతలో ఉంటుంది, అటూ ఇటూ నల్లపట్టీలు వస్తాయి. రానీ. సాగదీస్తే మనుషులంతా లావుగా, గ్రహాలు కోడిగుడ్ల మాదిరిగా కనిపిస్తాయి.

ఇక క్యాసెట్. 1998లో మీ అన్న కోసం మీ బాపు రికార్డు చేసింది. స్టార్ ట్రెక్ కాలిపోయినా మళ్లీ కొనుక్కోవచ్చు, ఇది మళ్లీ దొరకదు. దాన్ని వెలుతురులో పట్టుకుని క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి లోపలి టేపు చుట్ట చూడు. నల్లగా నున్నగా ఉంటే మంచిది. పిండి చల్లినట్టు తెల్ల మచ్చలు ఉంటే బూజు పట్టిందన్నట్టు. మన వానాకాలం ముసురుకు సజ్జల మీద అది మామూలే. అలాంటి టేపును ఆడిస్తే బూజు వీసీఆర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. టేపు కూడా చిక్కుకుని నలిగిపోవచ్చు. పక్కనున్న చిన్న బటన్ నొక్కితే ముందు మూత లేస్తుంది, టేపు అంచులు కూడా చూడు. వేలితో మాత్రం ముట్టుకోకు. బూజు కనిపిస్తే నా దగ్గరికి తీసుకురా, నేను శుభ్రం చేస్తా.

బాగుంటే, మూతకు ఎదురు వైపు, లేబుల్ అంటించే అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచెయ్. అప్పుడు పొరపాటున ఎవరు రికార్డు నొక్కినా దాని మీద ఎక్కదు. మీ ఇంట్లో అప్పటి వీసీఆర్ ఉందో వెతుకు. రికార్డు చేసిన మెషీనే ఆ టేపును అందరికంటే బాగా చదువుతుంది. మీ బాపు క్యాసెట్ మిగలాలని లాంగ్ ప్లేలో పెట్టేవాడు, మూడు గంటల క్యాసెట్‌లో ఆరు గంటలు. అలాంటివి వేరే మెషీన్లలో ఆడిస్తే బొమ్మ మీద గీతలు పడతాయి. అది దొరక్కపోతే సెకండ్‌హ్యాండ్‌దే చూడాలి, చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునై కూడా 2016లో ఆపేసింది. ఏ మెషీన్ అయినా ముందు పనికిరాని క్యాసెట్‌తో పరీక్షించు.

టేపును చివరిదాకా ఫార్వర్డ్ చేసి, వెనక్కి చుట్టి, అప్పుడు ప్లే చెయ్. కంప్యూటర్‌లోకి తీసేటప్పుడు ఏదీ కత్తిరించకు. మధ్యలో ప్రకటనలు, వార్తల ముక్కలు, అంతరాయానికి చింతిస్తున్నామని చెప్పే "రుకావట్ కే లియే ఖేద్ హై" కార్డు, అన్నీ ఉండనీ. రంగులు సరిచేయాలనిపిస్తే కాపీ మీద చేసుకో.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా దగ్గరున్న క్యాసెట్లు కొన్నింటిని డిస్కుల్లోకి ఎక్కించమని ఒకసారి సిటీలో ఒక షాపులో ఇచ్చాను. ప్రకటనలు తీసేశారు, బొమ్మను వెడల్పు చేశారు, ఒరిజినల్స్ అక్కర్లేదనుకున్నామని పారేశారు. నా మనసులో అది ఇప్పటికీ ముల్లులాగే ఉంది.

బ్రిటన్‌లో 1963లో మొదలైన డాక్టర్ హూ అనే బీబీసీ టీవీ సీరియల్ సంగతి విను. పాత ఎపిసోడ్లు ఎన్నో బీబీసీయే చెరిపేసింది. కానీ అప్పట్లో కొందరు ప్రేక్షకులు టీవీ ముందు మైకు పెట్టి శబ్దం రికార్డు చేసుకున్నారు. పోయిన ఎపిసోడ్ల శబ్దం ఆ టేపుల వల్లే మిగిలింది. దానికి బొమ్మలు గీసి, యానిమేషన్‌గా ఇప్పుడు డిస్కుల్లో అమ్ముతున్నారు. 2013లో తొమ్మిది ఎపిసోడ్లు నైజీరియాలో దొరికాయి. ఇళ్లలో, స్టోర్ రూముల్లో ఉన్న డబ్బాలకు అంత విలువ ఉంటుంది.

ఫైలు రెండు చోట్ల పెట్టు, ఒక హార్డ్ డిస్క్ మీ దగ్గర, ఒకటి నా దగ్గర. క్యాసెట్‌ను మాత్రం పారేయకు. పూర్తిగా చుట్టి, నిలువుగా నిలబెట్టి, పొడిగా ఉన్న బీరువాలో పెట్టు. మీ బాపుకు ఇప్పుడే చెప్పకు. వచ్చే ఆదివారం ఇటు వస్తే వీసీఆర్ కూడా తీసుకురా, బస్సులో డిక్కీలో వేయకుండా ఒళ్లో పెట్టుకుని రా. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది.

ప్రేమతో,
పెద్దబాపు