‘బై ఫ్రైడే’, ‘అంటిల్ ఫ్రైడే’ తేడా: సమాధానం

శుక్రవారంలోగా నివేదిక ఇస్తానని చెప్పదలచి మీరు ‘ఐ విల్ సబ్మిట్ ద రిపోర్ట్ అంటిల్ ఫ్రైడే’ అని రాయగా, పై అధికారి దానిని ‘బై ఫ్రైడే’ అని ఎందుకు దిద్దారని అడిగారు. ఆ దిద్దుబాటు సరైనదే. గడువు దాటకుండా ఎప్పుడో ఒకసారి జరిగి ముగిసే పనికి ‘బై’ వస్తుంది; ఆ సమయం దాకా ఎడతెగక సాగే పనికి గానీ స్థితికి గానీ ‘అంటిల్’ వస్తుంది. ‘ఐ విల్ బి హోమ్ బై సిక్స్’ అంటే ఆరింటికల్లా ఇంట్లో ఉంటానని, ‘ఐ విల్ బి హోమ్ అంటిల్ సిక్స్’ అంటే ఆరింటిదాకా ఇంట్లోనే ఉండి ఆ తరువాత బయలుదేరుతానని అర్థం. మనలో చాలామంది ‘సాయంత్రం వరకు వచ్చేస్తాను’ అని కూడా అంటారు కనుక, ఈ పొరపాటు అక్కడి నుంచే వస్తోందని నా అభిప్రాయం. ‘వరకు’ స్థానంలో ‘కల్లా’ పెట్టి చూడండి. అర్థం చెడకపోతే ‘బై’ వాడవచ్చు.

ప్రయాణ సాధనాన్ని చెప్పేటప్పుడు ‘బై కార్’ అంటాము గానీ ‘బై మై కార్’ అనము. అక్కడ ‘ఇన్ మై కార్’ అనాలి. నివేదికలు రాసేవారు అంకెల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి: 100 రూపాయల ధర ‘బై 20’ పెరిగితే 120 అవుతుంది, ఆ 120ని సూచించడానికి మాత్రం ‘టు 120’ అని రాయాలి.