ఇంగ్లండు పల్లెసీమను ఫొటోలు తీయాలంటే జాబితా పక్కన పెట్టి ఒక లోయను ఎంచుకోండి

ఉద్యోగం మీద ఇటీవలే లీడ్స్‌కు వచ్చానని, వారాంతాలలో ఇంగ్లండు పల్లెసీమను కెమెరాతో చూడాలని ఉందని, ఎక్కడెక్కడికి ఏ నెలలో వెళ్ళాలో, ఏ లెన్సు కొనాలో, ఊళ్ళలో జరిగే ఉత్సవాలలో జనాన్ని ఫొటో తీస్తే అభ్యంతరం ఉంటుందో లేదో చెప్పమని మీరు అడిగారు. మీ జాబితాలో లేక్ డిస్ట్రిక్ట్, పీక్ డిస్ట్రిక్ట్, కాట్స్‌వోల్డ్స్, స్కాట్లండులోని గ్లెన్‌కో అన్నీ ఉన్నాయి. నేను పదకొండేళ్ళుగా లీడ్స్‌లోనే ఉంటున్నాను. మొదటి రెండేళ్ళు నేను కూడా అలాంటి జాబితాతోనే తిరిగాను. ఆ రెండేళ్ళ ఫొటోలు అందంగానే ఉన్నాయి కానీ, వాటిలో ఏ ఒక్కటి చూసినా ఆ ఊరి గురించి నాకు కొత్తగా ఏమీ తెలియదు. మూడో ఏటి నుంచి యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల ప్రాంతానికి, అందులోనూ ఎక్కువగా స్వేల్‌డేల్ అనే ఒక్క లోయకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. మీకు చెప్పదలచుకున్నది కూడా ఇదే: ఒక లోయను ఎంచుకోండి; అక్కడ ఏ నెలలో ఏ పని జరుగుతుందో తెలుసుకోండి; వాతావరణ సూచన కంటే ముందు ఆ పనుల వరుసను చూసుకుని బయలుదేరండి.

ఎందుకంటే ఇక్కడ మనం ప్రకృతి దృశ్యం అనుకునేదంతా చాలావరకు మనిషి చేతి పని. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు కొండవాలు పొడవునా కనిపిస్తాయి. ఉమ్మడి మేత భూములను విడివిడి కమతాలుగా పంచిన 18, 19 శతాబ్దాలలో కట్టినవే వాటిలో అధికం. స్వేల్‌డేల్‌లో దాదాపు ప్రతి గడ్డిచేనులోనూ ఒక చిన్న రాతికొట్టం ఉంటుంది. చలికాలమంతా కింద పశువులను కట్టేసి, పైన అటక మీద ఆ చేని గడ్డినే దాచి, పోగైన పెంటను వసంతంలో తిరిగి అదే చేనుకు తోలేవారు. ఈ సంగతి తెలియక మునుపు ఆ కొట్టాలు నా ఫొటోలలో మూలన పడి ఉండే చిన్న ఆకారాలు మాత్రమే. తెలిసిన తరువాత కొట్టం, దాని చుట్టూ చేను, చేని చుట్టూ గోడ, మూడూ కలిసి వచ్చేలా ఎదుటి వాలు మీద నిలబడి తీయడం మొదలుపెట్టాను. అన్నట్టు, మీ లెన్సు ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఈ లోయలలో వైడ్ లెన్సు కంటే దూరాన్ని దగ్గర చేసే 70-200 ఎంఎం జూమ్ లెన్సు ఎక్కువగా పనికి వస్తుంది. ఎదుటి కొండ మీది గోడలన్నీ ఒకదాని వెనుక ఒకటి దగ్గరగా చేరి కనిపిస్తాయి.

జూన్‌లో స్వేల్‌డేల్‌లోని మ్యూకర్ అనే ఊరి గడ్డిచేలు చూడాలి. పసుపుపచ్చని బటర్‌కప్పులు, ఊదారంగు వుడ్ క్రేన్స్‌బిల్ పూలు, వాటి మధ్య యెల్లో ర్యాటిల్ అనే చిన్న మొక్క. ఈ ర్యాటిల్ గడ్డివేళ్ళ నుంచి సారం పీల్చుకుంటుంది. అందువల్ల గడ్డి ఏపుగా పెరగక, మిగతా పూలమొక్కలకు చోటు దొరుకుతుంది. దాని కాయలు ఎండి, లోపలి గింజలు గలగలమంటే గడ్డి కోతకు వచ్చిందని పాతకాలపు రైతులు గుర్తు పట్టేవారు. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇటువంటి పూలచేలు 1930ల నుంచి 1980ల మధ్యలో 97 శాతం అంతరించాయి. మిగిలిన కొద్దిపాటిలో మ్యూకర్ చేలు ఉన్నాయి. చేల గుండా పోయే కాలిబాటకు రాతిపలకలు పరచి, ఒకరి వెనుక ఒకరు నడవండి అని బోర్డులు పెట్టారు.

ఆ బోర్డు చదివి కూడా నేను ఒకసారి తప్పు చేశాను. మంచి కోణం కోసం బాట దిగి చేనులోకి నాలుగడుగులు వేసి, ట్రైపాడ్ నిలబెట్టాను. గోడ అవతల నుంచి ఒక పెద్దాయన వచ్చి, గొంతు పెంచకుండానే, తొక్కిన గడ్డి యంత్రానికి అందదని, అది తన గొర్రెలకు జనవరిలో పెట్టవలసిన మేత అని చెప్పాడు. మాది తూర్పు గోదావరి జిల్లా. పాలు పోసుకుంటున్న వరిచేనులో ఎవరైనా ఫొటో కోసం కాళ్ళు పెడితే మా తాతగారు ఊరుకునేవారా అని ఆలోచించి, ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటి నుంచి బాట మీద మోకాళ్ళు వంచి, గోడ పక్కన పూలను దగ్గరగా పెట్టుకుని, వెనుక కొట్టాన్ని మసకగా వచ్చేలా తీస్తున్నాను. నిజానికి ఆ కోణమే మేలు. పూలు కంటి ఎత్తుకు వస్తాయి, మనిషి తొక్కిన జాడ ఎక్కడా కనిపించదు. జూలైలో కోతలు మొదలయ్యాక పూలు ఉండవు కానీ, కోసిన గడ్డిని తిరగేయడం, వరుసలుగా పోగేయడం, వాన రాకముందే చుట్టలు కట్టడం కనిపిస్తాయి. ఆ నాలుగైదు రోజులు నాకు పూల కంటే ఇష్టమైనవి.

వెలుగు విషయంలో మన దేశంలో అలవాటైన లెక్క ఇక్కడ పని చేయదు. డిసెంబరు నడిమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటే, డేల్స్‌లో 12 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. అంటే మనం అక్కడ సాయంత్రం కోసం ఎదురుచూసే ఏటవాలు వెలుగు ఇక్కడ చలికాలంలో పగలంతా దొరుకుతుంది. పగలు ఏడెనిమిది గంటలే ఉండటం దానికి మనం చెల్లించే మూల్యం. ఆ వెలుగులోనే డేల్స్‌లోనే ఉన్న మాలమ్ ఊరి చుట్టుపక్కల కొండవాలు మీద మధ్యయుగంలో మెట్లు మెట్లుగా చేసుకున్న సేద్యపు మడుల గట్లు నీడలతో సహా పైకి తేలుతాయి. జూన్ మధ్యాహ్నం అదే చోట నిలబడితే చదునైన పచ్చిక తప్ప మరేమీ కనపడదు. జూన్‌లో సూర్యోదయం నాలుగున్నర ప్రాంతంలో, సూర్యాస్తమయం తొమ్మిదిన్నర దాటాక జరుగుతాయి కనుక, నిద్ర మానుకోగలిగితే రోజుకు రెండు మంచి వేళలు దొరుకుతాయి. మబ్బు పట్టి తుంపర పడే రోజును వృథా అనుకోవద్దు. తడిసిన ఆకుల మీద, రాళ్ళ మీద ఉండే తెల్లని మెరుపును పోలరైజర్ ఫిల్టరు తీసేస్తే, ఆకుపచ్చ, నాచు రంగు ఎంత చిక్కగా వస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది.

ప్రసిద్ధ కట్టడాలను మానేయమని నేను అనడం లేదు. లీడ్స్ నుంచి కార్లైల్ వైపు వెళ్ళే రైలెక్కి రిబుల్‌హెడ్‌లో దిగితే, 24 ఖానాల రాతి వంతెన ఎదురుగానే ఉంటుంది. దాని నిర్మాణం 1870లో మొదలై 1874లో ముగిసింది. పొడవు సుమారు 400 మీటర్లు, ఎత్తు 32 మీటర్లు. రోడ్డు వైపున, అంటే తూర్పున నిలబడితే, వెనుక 736 మీటర్ల వర్న్‌సైడ్ కొండ వస్తుంది. ఉదయపు ఎండ రాతి మీద సూటిగా పడేది ఆ వైపే. సాయంత్రం అదే చోటి నుంచి తీస్తే వంతెన నల్లని నీడబొమ్మగా మారుతుంది. అందరూ తీసేవి ఈ రెండే. నా మాట విని ఖానాలను కాస్త లెక్కపెట్టండి. ప్రతి ఆరో స్తంభం మిగతావాటి కంటే లావుగా ఉంటుంది. ఒక స్తంభం కూలినా ఆ కూలడం ఆరు ఖానాలతో ఆగిపోవాలని అలా కట్టారు. ఒక లావు స్తంభం దగ్గరకు వెళ్ళి, దాని పక్కనున్న సన్నని స్తంభంతో కలిపి తీస్తే, కట్టినవారి జాగ్రత్త ఫొటోలో కనిపిస్తుంది. వంతెన ముందరి చిత్తడి నేలలో గుట్టలు గుట్టలుగా కనిపించేవి ఆనాటి కూలీల గుడిసెల ఆనవాళ్ళు. ఆ గుడిసెల వాడలకు సెబస్టపోల్, జెరికో అని పేర్లుండేవి. పనిలో ప్రమాదాల వల్ల గానీ, మశూచి సోకి గానీ చనిపోయినవారిలో చాలామందిని చాపెల్-లె-డేల్ చర్చి ఆవరణలో పూడ్చారు. 1980లలో ఈ రైలు మార్గాన్నే మూసేయబోతే ప్రజలు పోరాడగా, 1989లో ప్రభుత్వం ఆ ఆలోచనను విరమించుకుంది. వంతెనను తీసిన రోజే ఆ చర్చికి కూడా వెళ్ళి రండి.

ఇక ఊరి ఉత్సవాలు. మ్యూకర్ షో అనే రైతుల ప్రదర్శన ఏటా సెప్టెంబరు మొదటి బుధవారం నాడు జరుగుతుంది. పనిదినం కనుక సెలవు పెట్టుకోవాలి. నల్లని ముఖం, తెల్లని మూతి, ఆడ మగ రెంటికీ కొమ్ములు ఉండే స్వేల్‌డేల్ గొర్రెలే అక్కడ ప్రధానం. పొట్టేలును పోటీకి తెచ్చే ముందు దాని ఉన్నికి చిత్తడి నేలల్లో దొరికే పీట్ అనే నల్లమట్టి రంగు పట్టిస్తారు. న్యాయనిర్ణేత వంగి, రెండు వేళ్ళతో దాని పెదవి పైకెత్తి పళ్ళు చూస్తాడు, నడుము మీద అరచేయి ఉంచి నొక్కుతాడు, ముందుకాళ్ళను తేరిపార చూస్తాడు. పొట్టేలు కొమ్ము పట్టుకుని నిలబడిన యజమాని ఆ కాసేపు ఊపిరి బిగపట్టి ఉంటాడు. నా దగ్గరున్న ఫొటోలలో నేను ఎక్కువగా చూసుకునేది ఇదే: పీట్ మట్టి మరకలంటిన ఒక ముసలి చేయి, దాని గుప్పిటలో మెలి తిరిగిన కొమ్ము. ముఖం కూడా రాలేదు. ఫలితం చెప్పే క్షణం కోసం అందరూ ఎగబడతారు గానీ, అంతకు ముందరి నిరీక్షణలోనే ఫొటో ఉంటుంది.

రాత్రి ఉత్సవం కావాలంటే పక్క లోయ వెన్స్‌లీడేల్‌లోని వెస్ట్ విట్టన్ ఊరికి వెళ్ళండి. ఆగస్టు 24 సెయింట్ బార్తలోమ్యూ దినం. దానికి దగ్గరి శనివారం చీకటి పడ్డాక, బార్టిల్ అనే దిష్టిబొమ్మను వీధి వెంట మోసుకుపోతారు. అక్కడక్కడా ఆగి ఒకరు పాతకాలపు పాట చదవగా జనం కేకలు వేస్తారు. చివరికి ఊరి అంచున బొమ్మను తగలబెడతారు. మన కామదహనం చూసి పెరిగినవారికి ఆ మంటచుట్టూ నిలబడటం కొత్తగా అనిపించదు. అక్కడ ఫ్లాష్ వాడకండి. బొమ్మ కళ్ళలో వెలిగే దీపాలు ఫ్లాష్‌లో వెలవెలబోతాయి. జూమ్ లేని 35 ఎంఎం ప్రైమ్ లెన్సు అపర్చరును ఎఫ్/1.8 దగ్గర ఉంచి, వెలుగును పట్టే సున్నితత్వాన్ని, అంటే ఐఎస్ఓను, 3200 లేదా 6400కు పెట్టి, మంట వెలుగు పడిన ముఖాల కోసం మంటకు వీపు చేసి నిలబడండి.

అనుమతి గురించి మీరు అడిగారు. ఇంగ్లండులో బహిరంగ స్థలంలో నిలబడి మనుషులను ఫొటో తీయడానికి చట్టప్రకారం ముందస్తు అనుమతి అక్కరలేదు. భవనాలను, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉంచిన శిల్పాలను ఫొటో తీయడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 1988 నాటి కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ చెబుతుంది. అయితే టిక్కెట్టు పెట్టి జరిపే షో సాధారణంగా ఒకరి పొలంలో జరుగుతుంది కనుక, అక్కడ నిర్వాహకుల మాటే చెల్లుతుంది. పిల్లలుంటే తల్లిదండ్రులను అడగండి. చట్టం కంటే నాకు దారి చూపినవారు సర్ బెంజమిన్ స్టోన్ అనే బర్మింగ్‌హామ్ పార్లమెంటు సభ్యుడు. ఊరి ఆచారాలు కనుమరుగవుతాయని దిగులుపడి 1897లో నేషనల్ ఫొటోగ్రాఫిక్ రికార్డ్ అసోసియేషన్‌ను స్థాపించి, ఆబట్స్ బ్రామ్లీ ఊరి కొమ్ముల నృత్యం వంటివాటిని ఆయన ఫొటోలు తీశారు. ఆయన సేకరణ బర్మింగ్‌హామ్ గ్రంథాలయంలో ఉంది. ఆ పటాలలో మనుషులు తమ వేషాలతో, తమ పనిముట్లతో నిలబడి కెమెరాను సూటిగా చూస్తారు. చాటు నుంచి దొంగిలించిన చూపు వాటిలో ఉండదు. అవి చూశాక నేను కూడా ముందు పలకరించి, పొట్టేలు పేరు అడిగి, తరువాతే కెమెరా ఎత్తుతున్నాను. మరుసటి ఏడు అచ్చు వేయించిన ఫొటో తీసుకుపోయి ఇస్తాను. నాకు గోడలు కట్టే పోటీ గురించి, కోతల రోజుల గురించి కబురు చెప్పేది అలా పరిచయమైనవారే.

డ్రోన్ కొనే ఆలోచన ఉంటే నా సలహా వద్దనే. ఈనుతున్న గొర్రెలు, గూళ్ళలో పక్షులు దాని చప్పుడుకు బెదురుతాయి. ఆ డబ్బుతో వాన ఆగే బూట్లు, గట్టి ట్రైపాడ్ కొనుక్కోండి. దానికి తోడు బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ పటం ఓఎల్ 30 తీసుకోండి. స్వేల్‌డేల్ అందులో ఉంది. ఆకుపచ్చ గీతలుగా ఉన్నవి అందరికీ నడక హక్కు ఉన్న బాటలు. బీడుకొండల మీద బాట వదిలి నడిచేందుకు 2000 నాటి చట్టం ఇచ్చిన స్వేచ్ఛ గడ్డిచేలకు వర్తించదని గుర్తుంచుకోండి. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదిలి రండి. బ్రిటన్‌లో ప్రతి చదరపు కిలోమీటరుకు ఒక ఫొటో ఉండాలని 2005లో మొదలైన జియోగ్రాఫ్ అనే సమష్టి ప్రయత్నం ఉంది. మీరు వెళ్ళబోయే చోటు గురించి అందులో ముందుగా చూసుకోవచ్చు, మీ ఫొటోలను కూడా చేర్చవచ్చు.

మొదటి ప్రయాణానికి జూన్ మూడో వారం పెట్టుకోండి. ముందురోజు రాత్రి లోయలోనే బస చేసి, ఉదయం ఆరు కల్లా మ్యూకర్ ఊరి వెనుక నుంచి నది వైపు వెళ్ళే పలకల బాట మీద ఉండండి. ఆ వేళకు మంచు ఇంకా గడ్డి మీదే ఉంటుంది. గోడ సందులోని ఇరుకు గేటుకు స్ప్రింగు ఉంటుంది. చేతితో పట్టుకుని నెమ్మదిగా వదలండి.