లేని పేజీలను మెచ్చుకున్న అమ్మాయికి

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన ఎనిమిది పుస్తక సమీక్షలూ అందాయి. ఆదివారం అన్నం తిని చదవడం మొదలుపెట్టాను, ఆరోదాని దగ్గర ఆగిపోయాను. రెండు రోజులు కోపం తగ్గక జవాబు రాయలేదు. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు, ఎక్కడైనా మాట గట్టిగా పడితే ఏమనుకోకు.

ఆ ఆరో సమీక్ష చివర ఏం రాశావో ఒకసారి చూసుకో. "గుండెను పిండే ముగింపు, చాలాకాలం వెంటాడుతుంది" అన్నావు. నవల లైబ్రరీలో తెచ్చుకున్నానని పైన నువ్వే చెప్పావు. ఏ లైబ్రరీనో నాకు తెలుసు. పేరెందుకులే, ఇద్దరం అక్కడే తెచ్చుకుంటాం. ఆ ప్రతి కూడా నాకు తెలుసు. ఎర్ర కాలికో బైండింగు, వీపు మీద నంబరు సగం చెరిగిపోయి ఉంటుంది. 140వ పేజీ పక్కన ఎవరో పెన్సిల్‌తో "ఇక్కడి నుంచి ఏడుపే" అని రాశారు. ఇప్పటికి మూడుసార్లు తెచ్చుకున్నాను దాన్ని. అందులో 276 తర్వాత పేజీలు లేవు. తల్లి బస్సు దిగి ఇంటివైపు నడుస్తుంటుంది, అక్కడికి సరి.

ఎవరైనా అతికించారేమోనని మంగళవారం వెళ్లి చూసి వచ్చాను. అతికించలేదు. తేదీల చీటీ మీద చివరి ముద్ర నీదే అయ్యుంటుంది. మరి నీ గుండెను పిండిన ముగింపు ఎక్కడ దొరికింది బిడ్డా?

వేరే ప్రతి దొరికి ఉంటే ఈ ఉత్తరం చింపి పారెయ్. దొరకలేదనే నా అనుమానం, ఎందుకంటే "గుండెను పిండే ముగింపు" అన్న మాట ఆ పుస్తకం వెనక అట్ట మీద ఉంది.

కోపం కన్నా బాధ ఎక్కువైంది నాకు. మంచి సమీక్ష ఒకటి చేతిదాకా వస్తే వదిలేశావు. 276 దాకా చదివి, రాత్రి పదకొండింటికి పేజీ తిప్పితే అట్ట కనబడిందనుకో. ఆ తల్లి ఇల్లు చేరిందో లేదో తెలియక పడుకున్న మనిషి ఏమనుకుంటుంది? అది రాసి ఉంటే నేను ఇవాళ నీ సమీక్ష పట్టుకుని నలుగురికి చదివి వినిపించేవాణ్ణి.

నా మాట ఒకటి విను. దీన్ని చాదస్తం అంటారు, మా ఇంట్లో కూడా అంటారు. పుస్తకం లైబ్రరీలో తిరిగి ఇచ్చి వచ్చాకే సమీక్ష రాయి. చేతిలో పుస్తకం ఉన్నంతసేపూ అట్ట మీది మాటలు, ముందుమాటలు, రచయిత ఫొటో కింద పరిచయం, అన్నీ నీ కలంలోకి దూరతాయి. "ఆద్యంతం ఆసక్తిగా", "హృద్యంగా", "చదివించే గుణం పుష్కలంగా" అన్నవన్నీ అలా దూరినవే. నీ ఎనిమిదింటిలో "ఆద్యంతం" ఐదుసార్లు లెక్కపెట్టాను. పుస్తకం ఇచ్చేసి, రెండు రోజులు నీ పనులు చేసుకుని, ఆ తర్వాత కూర్చో. అప్పటికి ఏం మిగిలితే అది రాయి. ఏమీ మిగల్లేదా, అదీ రాయి. తిరిగి ఇచ్చేముందు మాత్రం పాత్రల పేర్లూ, నచ్చిన ఒకటి రెండు వాక్యాలూ పేజీ నంబరుతో నోటుబుక్కులో ఎక్కించుకో. ఇది దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. ఒకసారి కథానాయిక పేరు పొరపాటున ఆమె ఆడబిడ్డకు తగిలించి రాశాను. రచయిత నుంచి కార్డు వచ్చింది: "మీరు చదివిన నవల నేను రాయలేదు." నలభై ఏళ్లయింది, ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

అప్పట్లో నేను ములుగు అవతల ఒక ఊళ్లో పంతులుని. శనివారం సాయంత్రం బస్సెక్కి వరంగల్ వచ్చేవాణ్ణి. నా కార్డు మీద ఇచ్చే పుస్తకాలు చాలక మా తమ్ముడి కార్డు, తోటి పంతులు కార్డు కూడా వాడుకునేవాణ్ణి. సంచి నిండా నవలలు. తిరుగు బస్సులో సీటు దొరికితే అక్కడే సగం అయిపోయేవి. అలా చదివిన వాటి మీద రాసి ఒక పత్రిక ఆదివారం పేజీకి పంపితే, "సమీక్షకు రెండు ప్రతులు పంపాలి, పాత పుస్తకాలు వేయం" అని తిప్పి పంపేవారు. లైబ్రరీ పుస్తకానికి రెండో ప్రతి నేనెక్కడ తేవాలి? ఆ నియమం ఇప్పటికీ ఉంది చూడు. కొత్తగా అచ్చయిన దానికే సమీక్ష, ఆవిష్కరణ సభలో మాట్లాడినాయనే సమీక్షకుడు. ముప్పై ఏళ్లుగా రాక్‌లో ఉన్న నవల గురించి మాట్లాడే దిక్కు లేదు.

చివరికి ఒకటి వేశారు. ఒక తెలంగాణ నవల మీద రాసింది. అందులోంచి ఒక మాట కొటేషన్‌లో పెట్టి ఇచ్చాను: "ఏడికి పోతున్నవ్ బిడ్డా, పొద్దుగూకింది." అచ్చులో ఏమైందో తెలుసా? "ఎక్కడికి వెళుతున్నావమ్మా, పొద్దుపోయింది." నా వాక్యం దిద్దితే ఊరుకునేవాణ్ణి, ఆ సంపాదకుడు నవలా రచయిత వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్యలోనే దిద్దాడు! అడగడానికి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాను. టీ ఇప్పించి, "పాఠకులకు అర్థం కావాలి కదండీ" అన్నాడు. ఏ పాఠకులకు అని అడగాలని తిరుగు బస్సులో తోచింది. నువ్వు కొటేషన్ రాసుకునేటప్పుడు పొల్లు పోకుండా రాసుకోమనేది ఇందుకే.

సిఫారసు సంగతి వేరు. "అందరూ తప్పక చదవాల్సిన నవల" అని ఎనిమిదింటిలో ఏడింటికి రాశావు. అందరూ అంటే ఎవరు? రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. వాటిలో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అనేది ఒకటి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అనేది ఇంకొకటి. అందరికీ ఒకే పుస్తకం అని ఆయన ఎక్కడా అనలేదు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, నాకు చదువు పిచ్చి ఎక్కించినవాళ్లలో ఒకడు. రాత్రి మగ్గం దిగి, కాళ్లు కడుక్కుని, బల్బు కింద నవల పట్టుకునేవాడు. ఆయనకు ఒక లావుపాటి నవల ఇచ్చాను, గొప్పదని పొగిడి పొగిడి. వారం తిరక్కుండా వాపస్ వచ్చింది. "కథ మంచిదే కావచ్చు సారూ, అక్షరాలు చీమల బారు లెక్కున్నయ్. నా కండ్లు యాడ పట్టాలె?" అన్నాడు. నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి నేను ఏ నవల గురించి రాసినా ఎన్ని పేజీలు, అక్షరాలు ఎంత పెద్దవి, కుట్టు గట్టిగా ఉందా అనేవి తప్పకుండా రాస్తాను. పండితులు నవ్వారు. నవ్వనీ. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పడుతుంది. ఆయన ఇంటి మీదా పడింది. ఆ పుస్తకంలో ఆయనకూ వాటా ఉన్నప్పుడు, అది ఆయన కంటికి ఆనుతుందో లేదో చెప్పాలి కదా.

మన తెలంగాణకు ఈ పిచ్చి పాతదే. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టింది 1904లో, నిజాం రాజ్యంలో. దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. గుమ్మం ముందు నిలబడి ఇది మీరు చదవండి అని చెప్పాలంటే ఎదుటి మనిషి మొహం చూడక తప్పదు. నువ్వూ ఎవరో ఒకరి మొహం తలుచుకుని రాయి. నీ మూడో సమీక్షలో ఆ పని చేశావు. చదువురాని మీ నాయనమ్మ పక్కన కూర్చుని వింటూ "ఆ పిల్ల పెండ్లి అయిందా లేదా ముందు చెప్పు" అందని రాశావే, అక్కడ నా కళ్లు చెమర్చాయి. ఆ నవల ఎవరికివ్వాలో ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది.

'అంపశయ్య' గురించి "వంద పేజీలు చదివినా కథ కదల్లేదు" అన్నావు. ఉస్మానియా హాస్టల్ కుర్రాడి ఒక్క రోజు అది, కదలడమంతా వాడి బుర్రలోనే. ఆ నవల పేరే రాసిన నవీన్‌గారికి ఇంటిపేరయింది, ఆయన మన వరంగల్ వైపువాడే కూడా. అయినా సరే, ఆ వాక్యం కొట్టెయ్యకు. విసుగొస్తే విసుగొచ్చిందనే రాయాలి. ఏ పేజీ దగ్గర వచ్చిందో కూడా చెప్పు, ఇంకొకరికి సరిగ్గా అక్కడే ఆసక్తి పుట్టొచ్చు.

నక్షత్రాలు ఇవ్వాలా అని అడిగావు. వద్దు. కాఫీ కప్పు పక్కన పుస్తకం పెట్టి ఫొటో తీయడం కూడా వద్దు, మరకైతే ఫైను కట్టాల్సింది నువ్వే. మిగతా ప్రశ్నలు ఎప్పుడైనా చూద్దాం.

చివరగా ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ నవల పూర్తి ప్రతి నాకు హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికి పదిహేనేళ్లయింది. ఆ చివరి పన్నెండు పేజీలు జిరాక్స్ తీయించి లైబ్రరీలో ఇద్దామని అప్పుడే అనుకున్నాను. ఇవాళ్టికీ ఇవ్వలేదు. నీలాంటివాళ్లు ఎందరు 276 దగ్గర ఆగిపోయారో, ఆ తప్పు నాదే.

నువ్వు ఆరో సమీక్ష మళ్లీ రాయి, ముగింపు చదవకుండానే. రాసి పంపాక ఏదో ఒక సాయంత్రం ఇంటికి రా, పేజీలు తీసి పెడతాను. వచ్చేటప్పుడు ఒక గోందు సీసా తీసుకురా.

ఆశీస్సులతో,
మీ సార్