పట్టుచీరలు పట్టుకెళ్తున్నావట

అమ్మలూ,

ముంబైలో ఉద్యోగం వచ్చిందని, ఫ్లాట్ కూడా చూసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఎంత మురిసిపోయానో! కానీ చీరలన్నీ పట్టుకెళ్లి బాక్స్ మంచం అడుగున పెడతావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టే ఊరు తల్లీ అది.

ఒంటిమీంచి తీసిన చీర శుభ్రం చేయించి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టు. బీరువాని బాత్రూమ్ గోడకి ఆనించకు. ఇవి నీకు తెలిసినవే.

మా తోడికోడలి సంగతి నీకు తెలియదు. కాకినాడలో ఉన్నప్పుడు ఎవరి పెళ్లికో గద్వాల్ చీర కట్టుకుంది. చెమటకి తడిసిన చీరని పైపైన ఆరేసి, షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే పెట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి తాళం వేసింది. ఉండలున్నాయి కదా అని ధీమా. అవి పురుగుల్ని ఆపుతాయి గానీ బూజునేం చేస్తాయి? దానికి కాస్త చెమ్మ, తిండి చాలు. చెమట, జిడ్డు, గంజి అన్నీ తిండే. వానలు వెళ్లాక బీరువా తీస్తే ముక్కవాసన గుప్పుమంది. మడత పడ్డ గీత వెంబడే బూడిదరంగు చుక్కలు. జరీ నల్లబడిపోయింది. కంగారులో తడిగుడ్డతో రుద్దేసరికి మచ్చలు నేతలోకి ఇంకాయి. అది వాళ్లమ్మ పెట్టిన చీర. ఆ పూట అన్నం ముట్టలేదు పిచ్చిది.

అందుకే ప్లాస్టిక్ కవర్లు ఇక్కడే పారేయ్. మీ పెదనాన్న పాత పంచెలు ఉతికి ఉంచాను, ఒక్కో చీరకి ఒక్కో ముక్క చుట్టు. నీలం రంగు సిలికా జెల్ పొట్లాలు వెయ్యి, గులాబీ రంగుకి తిరిగితే మార్చెయ్. వేపాకు వేస్తే బాగా ఎండినదే వెయ్యి, పచ్చిదైతే అదే చెమ్మ తెస్తుంది. చిన్న తేమ మీటరు కొనుక్కో. 65 శాతం దాటి అక్కడే నిలిచిందంటే ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి బీరువా తలుపులు తెరువు. పొడి రోజు చూసి, చీరలు నీడన ఆరేసి మడతలు మార్చు. టైమ్ లేదనకు, గంట సినిమా తగ్గించుకో.

ఎప్పుడైనా బూజు కనబడితే గదిలో దులపొద్దు, తడి చెయ్యొద్దు. బయట నీడలో ఆరనిచ్చి మెత్తటి బ్రష్‌తో తీసెయ్. మూతికీ ముక్కుకీ మాస్క్ పెట్టుకో, చిన్నప్పటి నుంచీ ఆయాసం నీకు. చీర పోతే పోయింది, నువ్వు జాగ్రత్త.

మీ అమ్మ పెళ్లిచీర మాత్రం హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంచు. దీపావళికి వచ్చినప్పుడు తీసుకెళ్దువు గాని.

మీ పెద్దమ్మ