టెక్ సందేహాలు: లక్ష్యం తప్పితే డబ్బు పోయే యాప్‌లు

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ కోర్సు మొదలుపెట్టడం, సగంలో వదిలేయడం నాకు అలవాటైపోయింది. రిమైండర్ల వల్ల ఫలితం లేదు. అనుకున్న పని చేయకపోతే డబ్బు కోసుకునే యాప్‌లు ఉన్నాయట. అవి పనిచేస్తాయా? ఏది ఎంచుకోవాలి?

జవాబు: పనిచేస్తాయి. అయితే పందెం కట్టే ముందు దేన్ని కొలవాలో తేల్చుకున్నవారికే. డబ్బు చేతికొచ్చినప్పటి సంతోషం కంటే అంతే డబ్బు పోయినప్పటి బాధ ఎక్కువగా ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. ఈ యాప్‌లన్నీ ఆ బాధ మీదే ఆధారపడి నడుస్తాయి. బరువు తగ్గడంపై 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, సొంత డబ్బు డిపాజిట్ చేసినవారు 16 వారాల్లో సగటున 14 పౌండ్ల బరువు తగ్గితే, ఏ పందెమూ లేనివారు 4 పౌండ్ల లోపే తగ్గారు. కానీ పందెం ముగిశాక కొన్ని నెలలకు ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. కాబట్టి కోర్సులాగా ఒకచోట ముగిసే పనికి ఈ పద్ధతి మరింత అనువైనదని నా అభిప్రాయం.

స్టిక్ అనే సేవను అప్పటి యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డీన్ కార్లన్, ఇయాన్ ఐర్స్ మరొకరితో కలిసి ప్రారంభించారు. ఇందులో మీకు తెలిసినవారిని రిఫరీగా పెట్టుకోవచ్చు. ఓడితే మీ డబ్బు మీకు ఏమాత్రం గిట్టని సంస్థకు చేరేలా కూడా ఏర్పాటు చేసుకోవచ్చు. బీమైండర్ మాత్రం మీ పురోగతిని గ్రాఫ్‌గా గీసి, గీత దాటి జారిపోయిన రోజున డబ్బు తానే తీసుకుంటుంది. ఆ మొత్తం 5 డాలర్లతో మొదలైతే, ఓడిన కొద్దీ 10, 30, 90 డాలర్లకు పెరుగుతుంది. లక్ష్యాన్ని సడలించుకోవచ్చు గానీ, ఆ మార్పు వారం తర్వాతే అమల్లోకి వస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే: ఈ రాత్రి బద్ధకం వేసిందని ఈ రాత్రే నిబంధన మార్చుకునే వీలుండదు.

మీకు బీమైండర్ సరిపోతుంది. అయితే కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌ను జోడించి కమిట్ల (అక్కడ కోడ్‌లో నమోదు చేసే మార్పుల) సంఖ్యను లక్ష్యంగా పెట్టుకోకండి. గడువు దగ్గరపడ్డప్పుడు ఒక కామా మార్చి కమిట్ చేసినా లెక్కలోకి వస్తుంది. స్క్రీన్ సమయాన్ని కొలిచినా ఇదే చిక్కు, వీడియో దానంతటది నడుస్తుంటే నిమిషాలు కూడుతూనే ఉంటాయి. పూర్తిచేసిన అభ్యాసాల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకుని, ఏరోజుకారోజు మీరే నమోదు చేయండి. మొదట్లో వారానికి మూడు చాలు.

ప్రశ్న: నడక లక్ష్యానికి స్మార్ట్‌వాచ్‌ను ఇలాంటి యాప్‌కు జోడించాను. నడిచినా అడుగులు సింక్ కాకపోతే డబ్బు పోతుందా?

జవాబు: పోయే అవకాశం ఉంది. వాచీలోని అంకె సాధారణంగా బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు, అక్కడి నుంచి తయారీ కంపెనీ సర్వర్‌కు, ఆ తర్వాతే పందెం యాప్‌కు చేరుతుంది. ఎక్కువసార్లు ఆటంకం ఫోన్ దగ్గరే వస్తుంది, ఎందుకంటే బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు వాచీ యాప్‌ను వెనుక నడవనివ్వదు. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితిని తొలగించండి. వీలుంటే రోజు గడువును అర్ధరాత్రి నుంచి రాత్రి పది గంటలకు మార్చుకుని, ఆ గడువుకు ముందే వాచీ యాప్‌ను ఒకసారి తెరిచి చూడండి.

పొరపాటున డబ్బు కోస్తే తిరిగి ఇచ్చే విధానం ఉందో లేదో కార్డు వివరాలు ఇచ్చే ముందే చదవాలి. లక్ష్యం చేరినవారి నుంచి, సభ్యత్వం రద్దు చేసుకున్నవారి నుంచి కూడా డబ్బు వసూలు చేసిందన్న ఆరోపణపై పాక్ట్ అనే యాప్ మీద అమెరికాలో వినియోగదారుల హక్కులు కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో చర్య తీసుకుంది. మానేయదలచుకుంటే ఫోన్‌లోంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. ఖాతాలోకి వెళ్లి లక్ష్యాన్ని ముగించి, కార్డు వివరాలు తొలగించి, నిర్ధారణ మెయిల్ వచ్చాకే యాప్‌ను తీసేయండి.