చేతులు తీశారు, కనుబొమలు వదిలేశారు

ప్రశ్న: మేం నలుగురం ఫైనలియర్ ప్రాజెక్టుగా భారతీయ సైగల భాషను గుర్తుపట్టే యాప్ చేశాం. యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని 26 ఇంగ్లీషు అక్షరాలకు, 20 పదాలకు మా చేతులతోనే 4,600 వీడియోలు తీశాం. కాలేజీలో 98 శాతం సరిగ్గా చెప్పింది. దగ్గర్లోని బధిరుల పాఠశాలకు తీసుకెళ్తే పిల్లలు చేసిన వాటిలో సగం కూడా పట్టలేదు. ఇంకెన్ని వీడియోలు తియ్యాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ చేతులతో అయితే ఇంకొక్కటి కూడా వద్దమ్మా.

మా అమ్మకీ నాన్నకీ పుట్టుకతోనే వినపడదు. నాకు మాటకంటే ముందు సైగ వచ్చింది, ఇప్పుడు అదే నా వృత్తి, సైగల ఇంటర్‌ప్రెటర్‌గా బతుకుతున్నాను. మీలాంటి ప్రాజెక్టులు ఏడాదికి రెండు మూడు నా దగ్గరికి వస్తాయి. ఆ 98 దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది.

అదెలా వస్తుందంటే, ఒకే మనిషి వీడియోల్లో కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు పెడతారు. పరీక్షలో దానికి ఎదురయ్యేది తెలిసిన చెయ్యే, వెనక తెలిసిన గోడే. మీలో ఒకరిని పూర్తిగా పక్కన పెట్టి, ముగ్గురితో నేర్పి, ఆ నాలుగో మనిషి మీద పరీక్షించండి. బడి పిల్లలు చూపించిన సంగతి మీ ల్యాబులోనే కనపడుతుంది.

ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం వాళ్లు 2020లో ‘ఇన్‌క్లూడ్’ అనే భారతీయ సైగల వీడియోల సేకరణ చేశారు. 263 పదాలు, 4,287 వీడియోలు. లెక్కలో మీరు వాళ్లను దాటేశారు! కానీ అక్కడ కెమెరా ముందు నిలబడింది చెన్నై సెయింట్ లూయిస్ బధిర పాఠశాల విద్యార్థులు. ఆ భాషలో రోజూ పోట్లాడుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. అమెరికా సైగలకు చేసిన ఎంఎస్-ఏఎస్ఎల్ అనే సేకరణలో అయితే 200 మందికి పైగా మనుషులున్నారు.

రెండో తప్పు నాకు ఎక్కువ బాధ కలిగించేది. వీడియోలో చేతుల కదలికను పట్టే మీడియాపైప్ హ్యాండ్ ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ వాడి ఉంటారు. అది ఒక్కో చేతికి 21 బిందువులు ఇస్తుంది. మిగతా మనిషి ఏమైనట్టు? మా అమ్మ ‘తిన్నావు’ అన్నా, ‘తిన్నావా?’ అన్నా చేతులు ఒకటే. కనుబొమలు లేచి, తల కాస్త ముందుకు వస్తే అది ప్రశ్న. చేతులే చూసే యాప్‌ను మా ఇంట్లో పెడితే నేను రోజూ పస్తుండాలి. ముఖం, భుజాలు కూడా పట్టండి. నడుము దగ్గర్నుంచి తల మీద జానెడు వరకు ఫ్రేములో ఉండాలి.

అక్షరాలు మాత్రం ఇప్పటికి వదిలెయ్యండి. మన పద్ధతిలో చాలా అక్షరాలకు రెండు చేతులూ కావాలి, ఒకదాని మీద ఒకటి పడగానే ట్రాకర్‌కు ఒక చెయ్యి మాయమవుతుంది. పైగా ఇంట్లో వాటి అవసరం తక్కువ. నా పేరు కూడా అమ్మ అక్షరాల్లో చెప్పదు. ఎడమ కనుబొమ మీద వేలితో గీత గీస్తుంది, చిన్నప్పుడు మెట్ల మీద పడ్డ మచ్చ అది.

ఏ పదాలు తియ్యాలో ఆ బడి పిల్లల్నే, అక్కడ చదివి వెళ్లిన పెద్దవాళ్లనే అడగండి. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం (ఐఎస్ఎల్ఆర్‌టీసీ) నిఘంటువులో 2021 నాటికే 10,000 పదాలున్నాయి, సరిచూసుకోవడానికి పనికొస్తుంది. కానీ పెద్దావిడ వేరేలా చేస్తే ‘తప్పు’ అనకండి. రెండూ ఉంచి, ఎవరిది ఏ ఊరో రాసుకోండి. ఒకసారి ఒక రికార్డింగులో మా అమ్మను గాజులు తీసి నల్ల చొక్కా వేసుకోమన్నారు. ఆవిడ లేచి వచ్చేసింది. రేపు యాప్ వాడేవాళ్లు గాజులతోనే వాడతారు కదా!

ఎవరో తెలియకుండా వీడియోలో ముఖం మసక చేస్తే ప్రశ్నలన్నీ పోతాయి కాబట్టి, ముఖం కనపడుతుందని ముందే చెప్పాలి. ఇంగ్లీషు కాగితం మీద సంతకం కాదు, సైగల్లో వివరించి ఒప్పించాలి. 18 ఏళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, 2023 డేటా చట్టంలోనూ ఆ మాట ఉంది.

వచ్చినవాళ్లకు బిస్కెట్ ప్యాకెట్టుతో సరిపెట్టకండి. ఇంటర్‌ప్రెటర్‌కు గంటకు ఎంతిస్తారో వాళ్లకూ అంతే ఇవ్వండి. డబ్బు చాలదంటే 20 పదాలను పదికి తగ్గించుకోండి.