ఖాతాలో కనిపించిన ఆ డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ల్యాప్‌టాప్‌లో వార్తలు చదువుతుండగా తెరంతా ఎర్రబడి, వైరస్ చేరిందంటూ సైరన్ మోగింది. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపే వీలిచ్చే ఎనీడెస్క్ అనే ప్రోగ్రామును వేయించారు. తర్వాత ఏదో రుసుము వాపసు ఇస్తామంటూ బ్యాంకు సైటు తెరిపించి, పొరపాటున పదింతలు జమ చేశామని, ఎక్కువ వచ్చింది తిరిగి పంపమని అడిగారు. అనుమానం వచ్చి ఆయన ఫోన్ పెట్టేశారు. అయితే ఆ మొత్తం ఖాతాలో నిజంగానే కనిపించిందట. అదెలా సాధ్యం? ఇప్పుడేం చేయాలి?

జవాబు: కనిపించింది గానీ జమ కాలేదు. బ్రౌజర్‌లో తెరిచిన ఏ పేజీలోని అంకెలనైనా ఎఫ్12 నొక్కితే వచ్చే డెవలపర్ టూల్స్‌తో దిద్ది చూపవచ్చు. ఆ దిద్దుబాటు ఆ తెర వరకే. బ్యాంకు సర్వర్‌లో ఏమీ మారదు, పేజీని రీలోడ్ చేస్తే అసలు నిల్వ మళ్లీ కనిపిస్తుంది. కొందరు మోసగాళ్లు బాధితుడి పొదుపు ఖాతాలోని సొమ్మునే ఆయన మరో ఖాతాలోకి మళ్లించి, అది తాము వేసిన డబ్బేనని నమ్మిస్తారు కాబట్టి, నాన్నగారి ఖాతాలన్నింటి లావాదేవీలూ ఒకసారి పరిశీలించండి.

ముందు ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఆపేసి, ఎనీడెస్క్‌తో పాటు ఆరోజు చేరిన ప్రోగ్రాములన్నింటినీ తొలగించండి. ఎనీడెస్క్ స్వతహాగా మంచి సాధనమే. కానీ అందులో మోసగాళ్లు తమ పాస్‌వర్డ్ పెట్టుకుంటే, ల్యాప్‌టాప్ ఎదుట ఎవరూ లేకపోయినా మళ్లీ లోపలికి రావచ్చు. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చి, కార్డు వెనుక ముద్రించిన నంబరుకే ఫోన్ చేసి బ్యాంకుకు విషయం చెప్పండి.

ఇక ఆ సైరన్ ఒక వెబ్ పేజీ చేసిన హడావుడి మాత్రమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని ఆ సంస్థే చెబుతుంది. అలాంటి పేజీ మూతపడకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించాలని నాన్నగారికి ఒకటి రెండుసార్లు చేసి చూపించండి. మళ్లీ తెరిచాక పాత పేజీలను రప్పించమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి.

ఆయనను మాత్రం మందలించవద్దు. ఫోన్ పెట్టేసింది ఆయనే కదా! పైగా తిట్లు తిన్నవారు మరోసారి ఇలాంటిది జరిగితే ఇంట్లో చెప్పరు. ఎవరికీ చెప్పవద్దనే మోసగాడూ కోరతాడు. కొద్ది రోజుల్లో పోలీసులమనో, బ్యాంకు విచారణాధికారులమనో చెప్పుకుంటూ అదే ముఠా మళ్లీ ఫోన్ చేయవచ్చు. ఆ సంగతి ఆయనకు ఈరోజే చెప్పి ఉంచండి.